పది నిమిషాల హాల్టు

మా మావయ్య ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరి పేరెత్తినా ముందు ఆ ఊరికి టికెట్టెంతో చెబుతాడు. ఆ ఊళ్ళో మనవాళ్ళెవరున్నారో ఆ తర్వాత చెబుతాడు. సంక్రాంతి వెళ్ళాక, జనవరి ఆఖర్లో, వంశధార వెంట మూడు రోజులు తిరుగుదామని వైజాగ్ నుంచి ఫోన్ చేశాను. "అక్కడేటుందిరా అల్లుడూ, రాళ్ళే కదా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే తనే ఫోన్ చేసి "బండి సర్వీసింగు చేయించేసినాను, నువ్వొచ్చెయ్" అన్నాడు.

వంశధార ఒడిశా కొండల్లో పుట్టి 250 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది కథ ఎవరైనా పుట్టిన చోట మొదలుపెడతారు. మేం సముద్రం దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళాం. దానికి పెద్ద కారణమేం లేదు. మావయ్యకి మొదటి రోజే చేపల పులుసు కావాలి.

మొదటి రోజు: శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం

అత్త ఇచ్చిన చోడి అంబలి తాగి ఆరున్నరకి బయల్దేరాం. దారికని ఆమె సీసాలో పోసిచ్చిన మజ్జిగ, మంచినీళ్ళ సీసా రెండూ అరుగు మీదే మర్చిపోయాను. ఆ సంగతి నాకు పదకొండు గంటలకి గుట్ట మీద తెలిసింది.

శ్రీకూర్మంలో అరగంటకు మించి ఉండలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్న గుడే. విష్ణువు కూర్మరూపంలో ఉంటాడు, పడమర ముఖంగా. ముందొకటి, వెనకొకటి రెండు ధ్వజస్తంభాలుంటాయి. "రెండు డోర్ల బస్సు లాగ" అన్నాడు మావయ్య దణ్ణం పెట్టుకుంటూనే. ఈసారి నేను దేవుడి కంటే స్తంభాలని ఎక్కువ చూశాను. మండపంలో ఏ స్తంభం మీద చూసినా అక్షరాలే. 1281 నాటి నరహరితీర్థుల శాసనం ఇక్కడిదే. మధ్వ సంప్రదాయానికి చెందిన ఆ సన్యాసి కళింగంలో గాంగ రాజుల తరఫున పాలన కూడా చూశాడు. ప్రాంగణంలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళలో ఒకటి ఆకుకూర కాడని ఒక చివర నుంచి మొదలుపెట్టి, కళ్ళు మూసుకుని, మధ్యలో ఆగి, మళ్ళీ నములుతోంది. దాని చిప్ప మీది పసుపు చారలు చూస్తే ఎవరో స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. అది ఆ కాడ పూర్తిచేసే లోపల మావయ్య రెండుసార్లు హారన్ కొట్టాడు.

అక్కణ్ణుంచి గార మీదుగా శాలిహుండం. రోడ్డుకి రెండు పక్కలా వరి కోసిన మళ్ళలో మినుము, పెసర పచ్చగా లేచి ఉంది. మా జిల్లాలో వరి కోతకి ముందే ఆ తడిలో పప్పు గింజలు చల్లేస్తారు. దున్నే పని లేకుండా, మిగిలిన చెమ్మతోనే రెండో పంట వచ్చేస్తుంది. శాలి అంటే వరే. ఈ ఊరి పాత పేరు శాలివాటిక అని చెబుతారు. ఆ పచ్చదనం మధ్యలోంచి వస్తే ఆ పేరు గురించి వాదించాలనిపించదు.

గుట్ట పెద్ద ఎత్తేం కాదు గానీ, మంచినీళ్ళు లేకుండా ఎక్కితే ఎత్తే. దారి పొడవునా ఇటుక కట్టడాల పునాదులు, స్తూపాలు, గజపృష్ఠాకారపు చైత్యగృహాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గజపృష్ఠమంటే ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగిన గోడ. పైన పెద్ద స్తూపం పునాదిలో ఇటుక గోడలు బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచులకి సాగి ఉన్నాయి. ఆ ఆకుల మధ్య మట్టి నింపి, పైన అండం, అంటే స్తూపం గుండ్రటి పై భాగం, కట్టేవారు. బరువు అన్ని వైపులకీ సమంగా పడుతుంది, ధర్మచక్రం గుర్తూ ఉంటుంది. ఒకే పనితో రెండు లాభాలు చూసుకున్న మేస్త్రీ ఎవరో గానీ గట్టివాడు.

ఈ గుట్ట సంగతి 1919లో బయటపెట్టింది గిడుగు వెంకట రామమూర్తి. అవును, వ్యావహారిక భాష గిడుగే. తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ మొదలుకొని 1950ల దాకా విడతలు విడతలుగా తవ్వారు. అస్థికలు దాచిన భరిణెలు (ధాతు కరండాలు), శాసనాలున్న కుండలు, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం మొదలైన ఈ బౌద్ధారామం, మంత్రతంత్రాల బౌద్ధమైన వజ్రయానం దాకా, అంటే వెయ్యేళ్ళకు పైగా నడిచింది. తొలి రోజుల్లో ఇక్కడ బుద్ధుడికి బొమ్మే లేదు, స్తూపానికే మొక్కేవారు. చివరికొచ్చేసరికి మూడు ముఖాల మారీచి దాకా వచ్చారు. బౌద్ధం ఎలా మారుతూ వచ్చిందో చెప్పాలంటే పుస్తకం అక్కర్లేదు, పిల్లల్ని ఈ గుట్ట ఎక్కించి దింపితే చాలు.

మావయ్యకి ఇదేమీ పట్టలేదు. ఆయన ఒక ఇటుక దగ్గర కూర్చుండిపోయాడు. ఇప్పటి ఇటుకలు దాని ముందు బిస్కెట్లలా ఉంటాయి. జానెతో కొలిచాడు, రెండు జానెలకి కాస్త తక్కువ. దాని మీద మూడు వేళ్ళతో లాగిన గీతలున్నాయి, పచ్చి మట్టి మీద ఎవరో గుర్తు కోసం లాగినవి. తన మూడు వేళ్ళూ ఆ గీతల్లో పెట్టి చూశాడు. "ఆడోళ్ళ సెయ్యిరా ఇది. సన్నంగున్నాయి ఏళ్ళు" అన్నాడు. కాల్చిన మట్టి కుదించుకుపోతుంది కదా అనబోయి ఊరుకున్నాను.

పైనుంచి వంశధార వంకర్లు పోతూ కనిపిస్తుంది. నీళ్ళకంటే ఇసకే ఎక్కువ. తూర్పున, మంచు తెరలాంటి మసక వెనక, సముద్రం. ఓడ దిగిన వర్తకుడికి నదిలోకి తిరగ్గానే ఎదురుగా ఈ గుట్ట, దాని మీద తెల్లగా సున్నం పూసిన స్తూపాలు కనిపించి ఉంటాయి. సన్యాసులు ఊరికి దూరంగా కూర్చున్నారంటారు గానీ, శాలిహుండంలో కూర్చున్నవాళ్ళు రేవు మీద ఒక కన్ను వేసే కూర్చున్నారు. అన్నం పెట్టేది ఆ రేవే.

గొంతెండిపోయి గుట్ట దిగాక కింద ఒకాయన ఈతాకుల నీడలో కొబ్బరిబోండాలు అమ్ముతూ కనిపించాడు. రెండు తాగాను. మావయ్య మూడు.

మధ్యాహ్నం రెండింటికి కళింగపట్నం. కవళ్ళ చేపల పులుసు, ఎర్ర బియ్యం అన్నం. వడ్డించినావిడ ముళ్ళు తీసే పద్ధతి తెలియని పట్నం మనిషినని నన్ను చూసి నవ్వింది. తిన్నాక ఇసక మీద నడుచుకుంటూ నది మొగ వైపు వెళ్ళాం. లైటు హౌసు ఉంది, మదీనా బాబా దర్గా ఉంది. ఒకప్పటి రేవు మాత్రం లేదు. కానీ దాని పేరు సముద్రం దాటి వెళ్ళింది. మలయా దేశంలో మనవాళ్ళని చాలాకాలం "క్లింగ్" అని పిలిచేవారు, కళింగం నుంచి వచ్చిన పేరే. ఇక్కడ ఏమీ మిగలకుండా అక్కడ మాట మిగిలింది. నది సముద్రంలో కలిసే చోట నేను ఊహించుకున్నంత హడావుడేం లేదు. ఇసక దిబ్బకి ఒక చోట గండి, అందులోంచి ఆకుపచ్చ నీళ్ళు, అంతే. ఇద్దరు కుర్రాళ్ళు ఆ గండిలో విసురు వల వేస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో బండి వెనక టైరు పంక్చరు. చీకట్లో రెండు కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చాం. ఆ రెండు కిలోమీటర్లకి అప్పట్లో టికెట్టు ఎంతో కూడా మావయ్య చెప్పాడు.

రెండో రోజు: ముఖలింగం

ఈ ప్రయాణంలో నాకు అసలైన రోజు ఇదే.

మడపాం వంతెన మీద వంశధార దాటి, నరసన్నపేట మీదుగా చల్లవానిపేట కూడలికి వచ్చి, అక్కణ్ణుంచి లోపలికి తిరిగాం. మావయ్య ఈ రూటులో పదకొండేళ్ళు తిరిగాడు. "రోజుకి రెండు ట్రిప్పులు. గుడి ముందర బస్సు తిప్పుకోడానికి పది నిమిషాలు హాల్టు. టీ తాగితే ఎస్సార్, అదే టికెట్ల లెక్క, రాయడానికి టైముండదు, ఎస్సార్ రాస్తే టీ ఉండదు" అన్నాడు. మరి గుడిలోకి? శివరాత్రికి స్పెషల్ బస్సులేసినప్పుడు జనం మధ్యలోంచి ఒకసారి దర్శనం చేసుకున్నాడట. పదకొండేళ్ళలో అదొక్కసారే.

ఊళ్ళోకి వెళ్తుంటే ముందు సోమేశ్వరం తగుల్తుంది. ముందు మండపం లేదు, పక్కన గుళ్ళు లేవు, గర్భగుడి మీది విమానం, అంటే శిఖరం, ఒక్కటే నిటారుగా లేచి నిలబడింది. దగ్గరికెళ్ళేదాకా దాని పనితనం తెలియదు. ద్వారబంధం చూడండి. రాతి మీద తీగ పాకుతుంది, మెలి తిరుగుతుంది. ప్రతి మెలికలో బొటనవేలంత మనిషి. ఒకడు తీగ పట్టుకుని పైకి పాకుతున్నాడు, ఇంకొకడు కాలు జారి ఒంటి చేత్తో వేలాడుతున్నాడు, పైవాడు కిందవాడి నెత్తి మీద కాలు పెట్టేశాడు. రాయి మీద ఇంత అల్లరి నేనెక్కడా చూడలేదు. మావయ్య చాలాసేపు చూసి "కాలేజీ టైములో మన బస్సు ఎక్కినట్టున్నారు గుంటలు" అన్నాడు. ఆ ఫుట్‌బోర్డు జనాన్ని ముప్పై ఏళ్ళు చూసినవాడి మాట కాబట్టి నేను ఒప్పుకున్నాను.

అసలు గుడి మధుకేశ్వరం. ఊళ్ళోని మూడు పాత గుళ్ళలోకీ ఇదే పాతది. మధుకమంటే ఇప్ప చెట్టు. ఆ కథ నాకు గుడి బయట కొబ్బరికాయలమ్మే ముసలమ్మ చెప్పింది. చెప్పే ముందు మావయ్యని ఎగాదిగా చూసి, "నువ్వు బస్సోడివి కాదా బావూ? మీసాలు తెల్లబడిపోనాయి" అంది. మావయ్య ముఖం వెలిగిపోయింది. "ఎప్పుడూ దిగనేదు నువ్వు. కిటికీ కాడ కూకునే కాయ కొనీవోడివి" అని కూడా అంది. దాంతో ఆ వెలుగు కాస్త తగ్గింది.

కథ ఇదీ. సవరలంటే ఇక్కడి కొండల్లోని గిరిజనులు. ఒక సవర దొరకి ఇద్దరు పెళ్ళాలు. ఇంటి ముందు ఇప్ప చెట్టు, దానికి రెండు కొమ్మలు. ఒక కొమ్మ పూలు పెద్దామెకి, ఒక కొమ్మ పూలు చిన్నామెకి. చిన్నామెకి శివుడంటే ప్రాణం, ఆమె ఏరిన పూలు బంగారమయ్యేవి. పెద్దామె ఓర్వలేకపోయింది. ఇంట్లో రోజూ గొడవే. విసిగిపోయిన మొగుడు గొడ్డలి తీసుకుని చెట్టునే నరికేశాడు. ఆ చెట్టు మొదట్లోంచి శివుడు ముఖం చూపించాడు. "అందుకే ముఖలింగం. సవరోళ్ళ దేముడు బావూ ముందు. తరవాతే రాజులకీ మనకీనీ" అంది ముసలమ్మ, చిల్లర లెక్కపెట్టుకుంటూ.

లోపల లింగం నిజంగా చెట్టు మొద్దులా ఉంటుంది, చెక్కి నునుపు చేసిన లింగంలా ఉండదు. వెనక పెద్ద మట్టి గోలెం ఉంది. సంతానం కలిగితే గోలెం సమర్పిస్తానని ఒక కుమ్మరి మొక్కుకున్నాడట. కొడుకు పుట్టాడు. ఆనందంలో మరీ పెద్దది చేసేశాడు, గుమ్మంలోంచి పట్టలేదు. బయట కూర్చుని ఏడ్చి, నీ గుమ్మమే చిన్నదని దేవుణ్ణి తిట్టి వెళ్ళిపోతే, తెల్లారేసరికి అది లోపలుంది. సవరల చెట్టు, కుమ్మరి కుండ, చుట్టూ రాజులు కట్టిన రాతి గుడి. ఈ మూడూ ఒకే గర్భగుడిలో సర్దుకుని ఉండటం నాకు శిల్పాలకంటే ఎక్కువ నచ్చింది.

ఈ ఊరే కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. పక్క ఊరి పేరు నగరికటకం. నగరం, కటకం రెండూ రాజధాని మాటలే. ఇప్పుడు అక్కడ అరటి తోటలు, గడ్డివాములు. 1078లో పట్టానికొచ్చిన అనంతవర్మ చోడగంగ దేవుడు ఈ ఇంటివాడే. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు, అందుకే పేరులో చోడ చేరింది. పూరీ జగన్నాథుడి పెద్దగుడి కట్టించడం మొదలుపెట్టింది ఆయనే. రాజ్యం ఉత్తరానికి పెరిగాక రాజధాని ఇప్పటి కటక్‌కి వెళ్ళిపోయింది. మనవాళ్ళు ఏటా బస్సులు మాట్లాడుకుని పూరీ వెళ్తారు, ఆ గుడిని నోరు తెరుచుకుని చూస్తారు. ఆ గుడి కట్టినవాడి ఊరికి మాత్రం శివరాత్రికి తప్ప రారు. నేనూ అందులో ఒకణ్ణే, కాబట్టి ఎక్కువ మాట్లాడను.

ఇప్పుడు గిడుగు దగ్గరికి వస్తాను. ఆయన పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి దగ్గరే, వంశధార ఒడ్డునే. పుట్టింది 1863 ఆగస్టు 29న. మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆ తేదీనే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, గురువంటూ ఎవరూ లేకుండా, పుస్తకాలు ముందేసుకుని ఈ గుడి గోడల మీది పాత లిపి చదవడం నేర్చుకున్నాడు. కళింగనగరమంటే ఈ ముఖలింగమేనని శాసనాల ఆధారంతో వాదించాడు. సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ముసలమ్మ చెప్పిన కథలో సవరలు, గోడల మీద శాసనాలు, ఊళ్ళో జనం నోటి తెలుగు. ఆయన జన్మంతా పెట్టుకున్న మూడు పనులూ ఈ ఒక్క గుడి ఆవరణలో దొరుకుతాయి. గిడుగుని గ్రాంథికవాదులతో పోట్లాడినవాడిగానే మనకి పాఠం చెప్పారు. ముఖలింగం తీసుకొచ్చి ఆ గోడ ముందు నిలబెట్టి చెప్పి ఉంటే బావుండేది.

ఒక స్తంభం ముందు నేనూ ప్రయత్నించాను. ఫోన్ టార్చి పక్క నుంచి వేస్తే అక్షరాల గాడుల్లో నీడ పడి తేటగా కనిపిస్తాయి. ఎదురుగా వేస్తే ఏమీ కనిపించవు. అరగంట కుస్తీ పట్టి, "శక", "శ్రీ", ఆ తర్వాత "దీప" పట్టుకోగలిగాను. ఇలాంటి శాసనాల్లో చాలామటుకు అఖండదీపం కోసం ఇచ్చిన దానాలు. ఫలానావారు ఇన్ని మాడలు (ఆనాటి నాణేలు) ఇచ్చారు, ఆ వడ్డీతో నెయ్యి కొని దీపం ఆరకుండా చూడాలి, చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం నడవాలి. మావయ్యకి అర్థం చెబితే అంతసేపటికి ఆయన పూర్తిగా నా దారికొచ్చాడు. "అంటే ఇది టికెట్టు. ఎవుడెంతిచ్చాడు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి. రాతి మీద రాసీసినారు, చెరపడానికి లేకుండా. మా ఎస్సార్ లాగే" అన్నాడు. తర్వాత తనే టార్చి తీసుకుని ఒక్కో స్తంభం దగ్గరా పక్క నుంచి వేస్తూ తిరిగాడు. చదవలేడు. అయినా గంటసేపు తిరిగాడు.

గుడి ఆవరణలో ఒకామె శిల్పాల గోడకి ఆనించి చాటలో బియ్యం చెరుగుతోంది. ఒక మూలగుడి మెట్టు మీద పిల్లాడు హోంవర్కు చేసుకుంటున్నాడు, వాడి సంచీ గొలుసు పక్కనున్న నంది కొమ్ముకి తగిలించి ఉంది. పురావస్తు శాఖ బోర్డు వాళ్ళ నెత్తి మీదే ఉంది. తప్పే కావచ్చు. కానీ పన్నెండు వందల ఏళ్ళుగా ఈ గుడి పడిపోకుండా ఉందంటే రోజూ ఎవరో ఒకరు ఇలా దాన్ని ఆనుకుని కూర్చోబట్టే అని నా అనుమానం.

భీమేశ్వరం చివర్లో చూశాం. బాగా దెబ్బతింది, ఎక్కువసేపు ఉండలేదు.

సాయంత్రం నదిలోకి దిగాం. శివరాత్రి అయ్యాక చక్రతీర్థ స్నానానికి ఇక్కడ ఇసక కనపడనంత జనం ఉంటారు. ఇప్పుడు మేమిద్దరం, నాలుగు గేదెలు. నీళ్ళు మోకాలి లోతు, అడుగున ఇసక రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు. మావయ్య పంచె ఎగ్గట్టి నీళ్ళలో నిలబడి, అవతలి ఒడ్డు చూస్తూ, 1980 వరదలో ఇదే నది ఎంత ఎత్తున వచ్చిందో చేత్తో చూపించాడు. ఆయన చెయ్యి ఆయన నెత్తి దాటి ఇంకా పైకి వెళ్ళింది.

ఐదున్నర బస్సు వచ్చింది. తిప్పుకుంది. కుర్ర కండక్టరు దిగకుండా మెషీన్ చూసుకుంటున్నాడు. మావయ్య వాడి దగ్గరికెళ్ళి ఏదో అన్నాడు. వాడు నవ్వి, వాచీ చూపించాడు.

మూడో రోజు: బుడితి, దంతపురి, హిరమండలం

 ముందు సారవకోట మండలంలోని బుడితి వెళ్ళాం. ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. వీధిలో అడుగు పెట్టగానే సుత్తి చప్పుడు వినిపించింది. ఒక ఇంట్లో తండ్రి చెంబు మెడ దగ్గర గీతలు చెక్కుతున్నాడు, పక్కన కొడుకు నున్నగా పాలిష్ పడుతున్నాడు. తండ్రి ప్రతి నాలుగు దెబ్బలకీ ఒకసారి చెంబుని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి వింటున్నాడు. ఎందుకని అడిగితే "ఎక్కడైనా బీట ఉంటే మొద్దుగా పలుకుద్ది బాబూ" అన్నాడు. అత్తకి ఒక చెంబు కొన్నాను. మజ్జిగ సీసా మర్చిపోయినందుకు జరిమానా.

ఆమదాలవలస దాటి పాతపట్నం రోడ్డు పట్టుకుంటే సరుబుజ్జిలి వస్తుంది. ఆ మండలంలోదే దంతపురి. జనం దాన్ని దంతవక్తుని కోట అంటారు. కృష్ణుడి చేతిలో చచ్చిన దంతవక్త్రుడి కోటట. కోట అనగానే నేను రాతి బురుజులు ఊహించుకున్నాను. అక్కడ ఉన్నది మట్టికట్ట. పొలాల మధ్య వంపు తిరుగుతూ పోయే పెద్ద కట్ట, దాని మీద తాటిచెట్లు, ముళ్ళకంపలు. ఎవరూ చెప్పకపోతే చెరువు గట్టనుకుంటాం. లోపలంతా సాగే.

గాంగుల తొలి రాగిరేకుల్లో దంతపురం పేరు ఉంది. సింహళ బౌద్ధుల దాఠావంసం అనే గ్రంథంలోనూ ఉంది. బుద్ధుడి దంతం కళింగంలోని దంతపురంలో ఉండేదని, శత్రువులు మీదికొచ్చినప్పుడు రాజు గుహశివుడి కూతురు హేమమాల దాన్ని జడలో దాచుకుని భర్తతో ఓడెక్కి సింహళం చేర్చిందని కథ. ఇప్పుడు శ్రీలంకలోని కాండీలో పూజలందుకుంటున్నది ఆ దంతమేనని నమ్మకం. ఆ దంతపురం ఇదేనని కొందరు, కాదు పూరీ అని కొందరు, ఇంకెక్కడో అని కొందరు. 1990లలో ఇక్కడ పురావస్తు తవ్వకాలు జరిగాయి. ఆ తగవు మాత్రం తేలలేదు. నా మట్టుకు హేమమాల ఈ కట్ట దిగి, వంశధార వెంట శాలిహుండం గుట్ట కింద నుంచి కళింగపట్నం వెళ్ళి ఓడెక్కిందనుకుంటేనే బాగుంటుంది. మేం మూడు రోజులు పైకి వచ్చిన దారే ఆమె కిందకి పోయిన దారి అవుతుంది.

మినప చేలో ఒక రైతు కలుపు తీస్తున్నాడు. దున్నినప్పుడల్లా పెంకులు లేస్తాయని, కాళ్ళకి గుచ్చుకుంటాయని చిరాకు పడ్డాడు. గట్టు మీద పోగేసిన వాటిలోంచి ఒకటి తీసిచ్చాడు. లోపలి వైపు నల్లగా నిగనిగలాడుతోంది, బయట ఎర్రగా ఉంది. అంచు దగ్గర వేలితో తడిమితే నునుపు ఇంకా పోలేదు. కుండని బోర్లించి కాల్చినప్పుడు గాలి తగలని లోపలి వైపు నల్లబడుతుంది, గాలి తగిలిన వైపు ఎర్రబడుతుంది. రెండువేల ఏళ్ళ నాడు ఇందులో ఎవరో అన్నం తిన్నారు. జేబులో వేసుకోవాలనిపించింది. మావయ్య చూశాడు. "టికెట్టు లేని సరుకు దించీ" అన్నాడు. మళ్ళీ పోగులో పెట్టేశాను.

ముఖలింగానికి రోజూ దీపం ఉంది. శాలిహుండానికి కంచె ఉంది. దంతపురికి నాగలి ఉంది. ఒకే నది ఒడ్డున పాతవాటికి మూడు రకాల గతి పట్టింది. మూడింటిలో ఏది మేలో చెప్పమంటే నేను ముఖలింగమే అంటాను. రైతుని అడిగితే మాత్రం పెంకులు లేని చేను అంటాడు, అతనిదీ న్యాయమే.

మధ్యాహ్నం హిరమండలం. గొట్టా బ్యారేజీ గేట్ల దగ్గర నది మొదటిసారి నిండుగా కనిపించింది. ఇక్కణ్ణుంచి ఎడమ కాలువ పోయి నరసన్నపేట, టెక్కలి వైపు పొలాలు తడుపుతుంది. మొన్న మేం చూసిన ఇసక నదికి కారణం కూడా ఇదే, నీళ్ళన్నీ ఇక్కడే మళ్ళిపోతాయి. దానికి అవతల వంశధార ప్రాజెక్టు రెండో దశ కింద కట్టిన రిజర్వాయరు, 19 టీఎంసీలది. కట్ట ఎక్కి చూస్తే కొండల దాకా నీళ్ళే. నీళ్ళ మధ్యలో అక్కడక్కడ ఎండిన తాటిచెట్లు, మొవ్వు లేకుండా, స్తంభాల్లా.

కట్ట కింద టీ కొట్టు ఉంది. టీ పోసినాయన ఊరు ఆ నీళ్ళ కిందే ఉందట. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాడు. మేం ఏ పని మీద తిరుగుతున్నామని అడిగాడు. పాత గుళ్ళు, కోటలు చూస్తున్నామని చెప్పాను. గ్లాసు అక్కడ పెట్టి, మమ్మల్ని కట్ట మీదకి తీసుకొచ్చి, చేత్తో చూపించాడు. ఆ మూడు తాళ్ళున్నాయి కదా, వాటికి ఇవతల రామమందిరం. దాని ఎదురు వీధి. వీధి చివర మాది. బావి దగ్గర పెద్ద రావిచెట్టు, దాన్ని కొట్టలేదు, అలాగే వదిలేశారు.

నాకేం మాట్లాడాలో తోచలేదు. మావయ్య ఊరి పేరు అడిగాడు. ఆయన చెప్పాడు.

"రావిచెట్టు స్టేజి. పాతపట్నం నుంచి రెండూ డెబ్భై" అన్నాడు మావయ్య.

టీ ఆయన ఒక్క క్షణం చూసి, "మూడయ్యింది బాబూ ఆఖర్న" అన్నాడు.